దొంగకి ఏ మొహమైనా ఒకటే

వడపళని, మద్రాసు,
3 జూన్ 1985

మామయ్యకు,

‘పూజ్యులైన’ అని మొదలుపెడితే అక్కడికక్కడే ఉత్తరం చించుతారని అమ్మ హెచ్చరించింది. అందుకని ఒట్టి నమస్కారమే పెడుతున్నాను.

‘మద్రాసులో ఏం వెలగబెడుతున్నావురా’ అని మూడేళ్ళుగా అడుగుతున్నారు. జవాబు చెప్పే రోజు వచ్చింది. మా సినిమా ‘ఆరో వేలిముద్ర’ పద్నాలుగో తేదీ శుక్రవారం మన నరసరావుపేటలో విడుదలవుతోంది. కథా విభాగం సహకారం అని వస్తుంది చూడండి, అందులో నాలుగో పేరు నాది. చప్పున పోతుంది, ఆ కాసేపు రెప్ప వేయకండి.

హాలువాళ్ళు కరపత్రాలు మీ ప్రెస్సులోనే వేయిస్తారు గదా. ఈసారి ఆ ఆలోచన నాదే. కాయితం పైసగంలో దొంగ బొమ్మ, దాని కింద ‘ఇతన్ని చూశారా? పేరుమోసిన దొంగ. ఆచూకీ తెలిసినవారు వెంటనే తెలియజేయండి’ అని ఉంటుంది. సినిమా పేరు, హాలు పేరు, ఆటల వేళలు కింద సగంలో. జనం ముందు హడలిపోతారు, తర్వాత నవ్వుకుంటారు, ఆ తర్వాత టిక్కెట్టు కొంటారు. బొమ్మ అచ్చుకి చేయించిన బ్లాకు రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను.

మీకు సినిమాలు గిట్టవని తెలుసు. కానీ నేరాల సినిమాలన్నీ ఒకే తాను ముక్కలు కావు మామయ్యా. డిటెక్టివ్ పిక్చరయితే హంతకుడు ఎవరూ అనుమానించని మనిషై ఉండాలి. ఈ సంగతి జనానికి తెలిసిపోయి, మొదటి రీలులో కాఫీ తెచ్చిచ్చిన మంచి మనిషి మీదే ఇప్పుడు హాలంతా కన్నేసి ఉంచుతోంది. పగ పిక్చరయితే అమ్మానాన్నల్ని చంపినవాడి మొహం కనపడకూడదు, వేలి ఉంగరం మాత్రం కనపడాలి. స్మగ్లర్ల పిక్చరుకి గోడలో తలుపు, తలుపు వెనక మెట్లు, మెట్ల కింద ఎర్ర లైట్లు తప్పవు. కోర్టు పిక్చరులో ఉరిశిక్ష చదవబోతుండగా సాక్షి గుమ్మంలోంచి ‘ఆగండి’ అనాలి, జడ్జిగారు ఆగాలి. మాది వీటిలో మూడింటిని కలిపి తీసింది. నాలుగోది కూడా కలుపుదామన్నారు గానీ ఫిల్ము చాల్లేదు.

అందులో దొంగ పాత్ర పూర్తిగా నేను రాసిందే. జీవితంలోంచి తీసుకున్నాను. చూసి చెప్పండి.

అత్తకి నమస్కారాలు.

మీ మేనల్లుడు,
గురునాథం


నరసరావుపేట,
9 జూన్ 1985

గురునాథానికి,

ఆశీస్సులు రాయను. నా ఆశీస్సుకే బలం ఉంటే ముందు మాచర్ల నాపరాతి గనుల్లో చేతులు పగిలిన వాళ్ళకి పంచేవాణ్ణి, సినిమావాళ్ళ దాకా మిగిలేది కాదు.

నీ రకాల జాబితా చదివాను. హంతకుడు ఎవరూ అనుమానించని వాడై ఉండాలా? ఈ పల్నాడులో ఎవరు ఎవర్ని చంపారో టీ కొట్టు తెరిచే వేళకి ఊరంతటికీ తెలుస్తుంది. తెలియనిది సాక్షికి మాత్రమే. గోడలో తలుపు దేనికిరా? మన దగ్గర దొంగసరుకు పగటిపూట, బోర్డు రాసుకున్న లారీలో, ఆఫీసర్ల నమస్కారాలు అందుకుంటూ పోతుంది. ఇక జడ్జిగారు ఆగాలన్నావు. మన కోర్టుల్లో ఆగటం తప్ప ఇంకేం జరుగుతోంది? ఆపటానికి గుమ్మంలోంచి ఒకడు అరవాలా?

మీ దొంగని పోస్టరు మీద చూశాను. గళ్ళ లుంగీ, మెడలో రుమాలు, బుగ్గ మీద గాటు. దొంగ అంటే లుంగీ అని మీకు ఎవరు నేర్పారు? ముప్ఫై ఏళ్ళుగా ప్రెస్సు నడుపుతున్నాను. ఈ తాలూకాలో నాకు తెలిసిన దొంగలందరూ ఇస్త్రీ పంచెలవాళ్ళే. వాళ్ళ సన్మాన పత్రాలు నేనే అచ్చేశాను. లుంగీవాళ్ళు నా గుమ్మం ఎక్కేది బిడ్డ పెళ్ళికి యాభై శుభలేఖలు కావాలని. అవీ చిన్న సైజువి. వాళ్ళని దొంగలుగా చూపించి, మళ్ళీ వాళ్ళకే నేల టిక్కెట్టు అమ్ముతున్నారు మీరు. నేరాల సినిమాలో మొదటి నేరం అదీ.

మరి కరపత్రం ఎందుకు వేస్తున్నావంటావు. నేను కాదంటే పక్క ప్రెస్సువాడు అచ్చుతప్పులతో వేస్తాడు. అది నేను చూడలేను.

నీ బ్లాకు అందింది. రిజిస్టరు పోస్టే గానీ దాని మీద ముద్ర కొట్టిన మహానుభావుడు మొదలుపెట్టాక ఆపినట్టు లేదు. రేకు కొయ్య మీంచి ఊడి విస్తరాకు దొన్నెలాగా వంగింది. మన కంపోజిటర్ అంకమ్మరావు దాన్ని రెండు వేళ్ళతో పట్టుకొచ్చి, “అయ్యా, దొంగ మొహం పోయింది, ఏం చేద్దామంటారు?” అన్నాడు. నేను గని కార్మికుల సభ కోసం మాచర్ల బస్సుకి చెప్పులేసుకుంటున్నాను. “దొంగకి వేరే మొహం ఉంటదా? ఏ మొహమైనా ఒకటే. అల్మారాలో ఉన్నదేదో పెట్టవయ్యా” అన్నాను. మాటల వరకు ప్రూఫు చూసి సంతకం పెట్టాను. ఒక్క తప్పు లేదు. అచ్చయ్యాక రెండు కాయితాలు ఈ ఉత్తరంతో కలిపి నీకు పోస్టు చెయ్యమన్నాను. పదహారో తేదీకి గానీ తిరిగిరాను.

మీ అత్త మాత్రం మొదటి రోజు మొదటి ఆటకే పోతానంటోంది. ప్రజాస్వామ్యం.

బసవపున్నయ్య


వడపళని, మద్రాసు,
15 జూన్ 1985

మామయ్యకు,

ఉత్తరమూ కాయితాలూ అందాయి. మీ తిట్లకి బాధ లేదు, అవి చిన్నప్పటి నుంచీ తింటున్నవే. కానీ కాయితం మీద మొహం చూశాక అన్నం సహించలేదు. ‘ఏ మొహమైనా ఒకటే, అల్మారాలో ఉన్నదేదో’ అని ఏమీ ఎరగనట్టు రాసి, ఏరికోరి ఆ మొహాన్నే పెట్టారు. ఎలా కనిపెట్టారో గానీ దెబ్బ తగలవలసిన చోటే తగిలింది.

ఒప్పుకుంటున్నాను. ఆ దొంగని ఆయన్ని చూసే రాశాను. గోళ్ళ సందుల్లో ఎన్నటికీ వదలని నలుపు, చెవి మీద సగం కాల్చిన బీడీ, మాట్లాడుతూ మాట్లాడుతూ ఎదుటివాడి భుజం చరచటం, పని మీద ఉన్నప్పుడు దేవుడు పిలిచినా తల ఎత్తకపోవటం అంతా ఆయనదే. ‘ఈ పాత్రకి ఒక మనిషి వాసన ఉండాలి’ అన్నారు డైరెక్టరుగారు. నాకు ఇంకెవరూ తోచలేదు. చిన్నప్పుడు ఆ మనిషంటే నాకు ప్రాణం. ప్రేమతోనే తీసుకున్నాను మామయ్యా. దొంగగా మార్చింది కథ అవసరం. లుంగీ, గాటు మేకప్‌వాళ్ళు తగిలించారు.

క్షమాపణ ఉత్తరంలో చెప్పేది కాదు. వచ్చి ఎదురుగా నిలబడి చెప్పుకుంటాను.

గురునాథం


నరసరావుపేట,
19 జూన్ 1985

గురునాథానికి,

నాకు ఇప్పుడు రెండు కోపాలున్నాయి. చిన్నది ముందు.

నీకు అక్షరాలు దిద్దించినవాణ్ణి చూసి దొంగని రాశావా? కాయితం మీద కూడా అంకమ్మరావు అల్మారాలోని నా బ్లాకే పెట్టి ఉంటాడు, పెట్టనీ. గోళ్ళ సందుల్లో నలుపంటావు, అది అచ్చు సిరా. ఇరవై మంది కార్మికుల మీద పెట్టిన కేసుల గురించి కరపత్రాలు వేస్తే అంటిన సిరా. బీడీ తాగుతాను, నిజమే, సిగరెట్టు కంపెనీని మేపటం ఇష్టం లేక. నాకు రాసే ఉత్తరంలో నన్నే ‘ఆయన’ అంటూ రాయటం మద్రాసు మర్యాదా? మీ అత్తకి చదివి వినిపించాను. “భుజం చరవటం మాత్రం నిజమే” అన్నది. సినిమా రెండుసార్లు చూసి వచ్చి, “ఆ దొంగ నీకంటే నెమ్మదస్తుడు” అని కూడా అన్నది.

ఇప్పుడు పెద్ద కోపం. ఇస్మాయిల్ని పోలీసులు పట్టుకుపోయారు.

మన ప్రెస్సు పక్క షెడ్డులో రైతుల బావి మోటార్లకి కాయిల్ చుట్టే ఇస్మాయిల్. అతని చేత్తో చుట్టిన మోటారు మూడేళ్ళు తిరిగి చూడదు. నూజెండ్లలో మల్లికార్జునరావని నలభై ఎకరాల ఆసామి ఉన్నాడు. వారం రోజులు యాత్రలకి పోయి వచ్చేసరికి బావి మీద మోటారు లేదట. ఫిర్యాదు ఇచ్చిన మర్నాడే పోలీసులు అక్కణ్ణించి నలభై కిలోమీటర్లు తిన్నగా ఇస్మాయిల్ షెడ్డుకొచ్చారు. ఎందుకు తిన్నగా వచ్చారో ఎవరూ చెప్పరు. షెడ్డులో మోటారు దొరికిందట. ఒరేయ్, ఆ షెడ్డులో మోటార్లు పద్నాలుగున్నాయి. మోటార్ల షెడ్డులో మోటారు దొరకటం నేరమైతే, ప్రెస్సులో కాయితం దొరికిందని నన్నూ పట్టుకోవాలి. గోడకి ఏదో కాయితం అంటించి ఉంటే అదీ సాక్ష్యమని పీక్కుపోయారు.

స్టేషనుకి వెళ్ళాను. రెండు గంటలు వరండా బల్ల మీద కూర్చోబెట్టి, అయిదు నిమిషాలు మాట్లాడనిచ్చారు. “మోటారు ఎవరు తెచ్చిచ్చారు, పేరు చెప్పు, బయటికి తీసుకుపోతా” అన్నాను. “అదొక్కటి అడగమాకన్నా” అన్నాడు. అంతే. మీ సినిమాల్లో కథానాయకుడు ఇలాగే నోరు కుట్టుకుంటాడు. విప్పితే రెండో రీలుకే కథ అయిపోయి టిక్కెట్టు గిట్టదు గనక. ప్రాణం ఉన్న మనిషికి ఈ జబ్బు ఎట్లా వచ్చింది?

దీనికి మీరే కారణం. లుంగీ, బీడీ, చేతులకి మరక, పేరు ఇస్మాయిల్. మూడున్నర గంటలు మీరు నేర్పించిన పాఠం ఆ ఎస్సై ఒప్పజెప్పాడు, అంతే. ఇది మిరప నార్లకి నీళ్ళు పెట్టే కాలం. ఏడాది తిండి ఇస్మాయిల్ ఈ రెండు నెలల్లోనే సంపాదించుకోవాలి. అతని భార్య షాహిదా షెడ్డు ముందు నిలబడి ఉంటే రైతులు వరసగా వచ్చి తమ మోటార్లు తాము ఎత్తుకుపోతున్నారు. “దొంగ చేతికి ఎట్టా ఇస్తామమ్మా” అని ఆమె మొహానే అంటున్నారు. నిన్నటికి తొమ్మిది పోయాయి.

రావద్దు. వస్తే నేను ఏమంటానో నాకే తెలియదు.

బసవపున్నయ్య


వడపళని, మద్రాసు,
22 జూన్ 1985

మామయ్యకు,

ఈ ఉత్తరానికంటే ముందు నా టెలిగ్రాం అంది ఉంటుంది. అందకపోతే, ముందు లేచి వెళ్ళి ప్రెస్సులో మిగిలిన కరపత్రం ఒకటి చూడండి. చూశాకే కింది లైన్లు చదవండి.

చూశారా? ఆ మొహం ఇస్మాయిల్ బాబాయిది.

నేను ‘ఆయన’ అన్నది ఆయన్నే. మిమ్మల్ని కాదు. గోళ్ళలో నలుపు గ్రీజు, సిరా కాదు. బడి వదలగానే ఆ షెడ్డులో కూర్చొని రాగితీగ చుట్టటం చూస్తుండేవాణ్ణి, మీరు బల్ల మీద లెక్కల పుస్తకం పెట్టి నన్ను వెతుక్కొనేవారు. ఆయన్ని దొంగగా రాశానని మీరు పసిగట్టి, నన్ను సిగ్గుపడేట్టు చెయ్యటానికి కావాలనే ఆ బ్లాకు వేయించారనుకున్నాను. మీ ఉత్తరం చదివితే మీకు ఏమీ తెలియదని అర్థమైంది. ఎవరూ కావాలని చెయ్యలేదు. మా కథా విభాగంలో ఇట్లాంటిది చెబితే నమ్మశక్యంగా లేదని కొట్టేస్తారు.

ఇంకొక్క మాట. తిట్టండి గానీ వినండి. సినిమాలో నోరు మూసుకున్నవాడు ఎప్పుడూ తనకంటే బలహీనుణ్ణి ఒకణ్ణి కాపాడుతుంటాడు. ఆయన ఎవరి పేరు చెప్పటం లేదో, ఆ పేరుగల మనిషి నూజెండ్లలోనే ఉండాలి.

గురునాథం


నరసరావుపేట,
28 జూన్ 1985

గురునాథానికి,

నీ టెలిగ్రాం ముందొచ్చింది. టెలిగ్రాం అనగానే ఎవరో పోయారని మీ అత్త రాగం ఎత్తుకుంది. వీధిలో సగంమంది పోగయ్యారు. వాళ్ళందరి ముందు నేను కరపత్రం తీసి చూశాను.

అంకమ్మరావుని పిలిచాను.

“ఈ మొహం ఎవరిదయ్యా?”

“ఇస్మాయిల్‌దండీ. మెకానిక్కుల యూనియన్ మహాసభకి చేయించిన బ్లాకు. సైజు కుదిరింది.”

“పేరుమోసిన దొంగ అని రాసి, పైన ఇస్మాయిల్ మొహం పెడతావా?”

“ఏ మొహమైనా ఒకటే అన్నారు గదండీ తమరు. ముందు మీ బ్లాకే తీశాను, సన్మాన సంచికది. పెద్దదైపోయింది. కాయితంలో పట్టలా.”

అతను నా మాట తు.చ. తప్పకుండా చేశాడు. మంచి కంపోజిటర్ చెయ్యవలసింది అదే.

స్టేషనుకి వెళ్ళాను. ఎస్సై బల్ల మీద సగం కరపత్రం ఉంది, నూనె మరకలతో. మల్లికార్జునరావు యాత్రల నుంచి తిరిగొస్తూ వినుకొండ బస్టాండులో పకోడీలు కొన్నాడట. పొట్లం కట్టింది నా కరపత్రం పైసగంతో. సినిమా పేరున్న కింద సగం ఇంకెవరి బజ్జీలకో పోయింది. ఇంటికి వెళ్ళి చూస్తే మోటారు లేదు. చేతిలో దొంగ బొమ్మ ఉంది. ఆ మొహం ఎవరిదో వచ్చేటప్పుడే బస్సు కండక్టరు చెప్పి ఉన్నాడు. ఇంకేం కావాలి?

“ఇది సినిమా కాయితం. ఆ బొమ్మ పొరపాటున పడింది” అన్నాను.

“మాస్టారూ, అచ్చులో దొంగ అనుంది. అచ్చేసింది మీరు. మీరే కాదంటే ఇంక మేం ఎవర్ని నమ్మాల?” అన్నాడు ఎస్సై. “పైగా వాడు తన బొమ్మ తనే గోడకి అంటించుకున్నాడు. అంత గుండె ఉన్న దొంగని నా సర్వీసులో చూళ్ళా.”

నాలుగు పేజీల వాంగ్మూలం రాసిచ్చాను. మూడో పేజీలో చలనచిత్రాల వర్గ స్వభావం గురించి రాసింది కొట్టేయించారు. ఇస్మాయిల్ని వదిలారు గానీ కేసు వదల్లేదు. మోటారు మల్లికార్జునరావుదే, ఎవరు తెచ్చారో ఇస్మాయిల్ చెప్పడు.

నూజెండ్ల నుంచి తిరుగు బస్సులో ఇస్మాయిల్ని అడిగాను. “ఆ కాయితం చూసినప్పుడే వచ్చి నా గొంతు పట్టుకోవచ్చు గదయ్యా?”

“నువ్వేశావు గదన్నా. ఏదో కారణం ఉంటదిలే అనుకున్నా” అన్నాడు. “బొమ్మ గూడా చానా బాగొచ్చింది. షాహిదా గోడకి అంటించింది.”

ఒరే గురునాథం, ముప్ఫై ఏళ్ళలో నన్ను చానామంది చానా మాటలన్నారు. ఏదీ ఇంత లోతుగా దిగలేదు. లుంగీ కట్టినవాణ్ణి దొంగని చేశారని మిమ్మల్ని తిట్టాను. నేను అసలు మొహాన్నే పెట్టాను, కింద ఆచూకీ చెప్పమని కూడా రాశాను.

సవరణ అచ్చేస్తానన్నాను, రెండువేల కాయితాలు, పెద్ద అక్షరాల్లో.

“సవరణ ఎవడు చదువుతాడన్నా? దొంగ అంటే చదువుతారు. అదే కాయితం వెయ్యి, అయ్యే అచ్చరాలు. బొమ్మ మార్చు.”

“ఎవరి బొమ్మ?”

“నీది.”

షెడ్డులో ఇప్పుడు ఒక్క మోటారు కూడా లేదు, పోలీసులు షాహిదా పూచీ మీద వదిలేసిపోయిన మల్లికార్జునరావుది తప్ప. అదీ కాయిల్ సగం చుట్టి ఉంది. ఇస్మాయిల్ వచ్చిన గంటకే కూర్చొని మిగతా సగం చుట్టటం మొదలుపెట్టాడు.

బసవపున్నయ్య


వడపళని, మద్రాసు,
4 జూలై 1985

మామయ్యకు,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మీరు తప్పు ఒప్పుకోవటం నేను చూడటం ఇదే మొదలు కాబట్టి రెండుసార్లు ఎక్కువ చదివాను.

ఇక్కడ నా సంగతి వినండి. కొత్త పిక్చరుకి కథా చర్చలు జరుగుతున్నాయి. మళ్ళీ అదే లుంగీ, అదే గాటు. నేను లేచి, ఈసారి దొంగకి ఇస్త్రీ పంచె కడదామన్నాను. “పంచె కట్టినవాణ్ణి దొంగని ఎట్లా గుర్తుపడతారయ్యా జనం?” అన్నారు ప్రొడ్యూసర్ గారు. “గుర్తుపట్టరు కాబట్టే అతను అంత దూరం వచ్చాడండీ” అన్నాను. ప్రొడ్యూసర్ గారు ఇస్త్రీ పంచెలోనే ఉన్నారు. మర్నాటి నుంచి నన్ను డబ్బింగులో కుక్క అరుపులు సరిచూసే పనికి మార్చారు.

మీరు కాయితం వేయండి. వేసి ఊరుకోవద్దు, నూజెండ్ల తీసుకువెళ్ళండి. ఏ రకం పిక్చరైనా చివర్లో అందర్నీ ఒకచోట చేర్చకపోతే ముడి విడదు. ఇది నవ్వులాటకి రాయటం లేదు. బాబాయి పేరు చెప్పని ఆ మనిషి ఎవరైనా సరే, మీరు మాట్లాడటం వినాలి.

బాబాయికి నా సంగతి చెప్పారా? చెప్పకపోతే మీరే చెప్పండి. నాకు ధైర్యం చాలటం లేదు.

గురునాథం


నరసరావుపేట,
16 జూలై 1985

గురునాథానికి,

చెప్పాను. “అవునా, నన్ను చూసి రాశాడా మనోడు” అని మ్యాట్నీకి పోయి వచ్చాడు. “దొంగ బాగున్నాడు గానీ స్పానరు పట్టుకోవటం రాదన్నా వాడికి. ఎడం చేత్తో పట్టాడు. అట్టా పడితే నట్టు ఊడదు” అన్నాడు. నువ్వు వచ్చినప్పుడు ఆ విషయం మీద గంట సేపు తిడతాడు. దానికి సిద్ధపడి రా.

కాయితం వేశాను. నా బ్లాకు పెద్దది గనక కాయితం సైజే పెంచాం. ఇస్మాయిల్ చెప్పినట్టే పైన నా మొహం, కింద ‘ఇతన్ని చూశారా? పేరుమోసిన దొంగ’. దాని కింద మాత్రం నా సొంత వాక్యం ఒకటి చేర్చాను: ‘ఇతడు ఒక మెకానిక్కు పేరు దొంగిలించెను. తిరిగి ఇచ్చుటకు వచ్చుచున్నాడు.’ ఎవరైనా చింపి పొట్లం కట్టినా ఆ వాక్యం పోకుండా వెనక పక్క కూడా అదే తలకిందులుగా అచ్చేయించాను. అంకమ్మరావు ప్రూఫు తెచ్చి, “మొహం కూడా చూసి సంతకం పెట్టండి” అన్నాడు. చూసి పెట్టాను.

ఏడో తేదీ ఆదివారం ఇస్మాయిల్, నేను, ఒక మైకు సెట్టు కలిసి బస్సెక్కాం. నూజెండ్లలో ఎద్దుబండి మాట్లాడి దానికి మైకు కట్టాం. నా మొహం ఉన్న కాయితాలు ఇస్మాయిల్ పంచుతుంటే నేను మాట్లాడాను. పల్నాడులో నేను మాట్లాడని సభ లేదు. కానీ ‘తప్పు నాది’ అనే వాక్యంతో ఎన్నడూ మొదలుపెట్టలేదు. ఎట్లా మొదలుపెట్టాలో తెలియక రెండు నిమిషాలు మైకు గొట్టం సరిచేస్తూ నిలబడ్డాను. తర్వాత చెప్పాను. బ్లాకు, బస్సు, పకోడీలు, అంతా. నవ్వారు. నవ్వనిచ్చాను. మల్లికార్జునరావు కూడా వచ్చి అరుగు మీద కూర్చొని విన్నాడు. “అదంతా సరేనయ్యా, నా మోటారు దాని కాళ్ళతో అది నడిచి పేటకి పోయిందా?” అన్నాడు.

అప్పుడు వెనక నుంచి ఒక మనిషి వచ్చాడు. అరవై దగ్గరుంటాయి. మల్లికార్జునరావు దగ్గర ఇరవై ఏళ్ళుగా పాలేరు, పేరు పిచ్చియ్య. మీ కోర్టు పిక్చరులోలాగా ‘ఆగండి’ అనలేదు. మెల్లిగా నా పక్కకొచ్చి, “ఇది మోగుతా ఉందా, ఆపేశారా?” అని అడిగాడు. మోగుతోందన్నాను. దాని దగ్గరికి వంగి చెప్పాడు.

“మోటారు కాలబెట్టింది నేనేనయ్యా. బాయిలో నీళ్ళు అడుగంటినయి, చూసుకోకండా ఆడించా. రావుగారొచ్చే లోపల బాగు చేయించి పెడదామని బస్సు పైన ఏసుకొని పేట పోయినా. వినుకొండలో ఇస్తే తెలిసిపోద్దని.”

ఇస్మాయిల్ బండి మీద నుంచి కేకేశాడు. “ఏందయ్యా నువ్వు. అయిదు రోజులు లోపల కూర్చొని నేను నోరు మూసుకున్నది ఇప్పుడు నువ్వు మైకులో చెప్పుకోటానికా?”

మీ సినిమా ఇక్కడ ‘శుభం’ వేస్తుంది. నూజెండ్ల వెయ్యలేదు. మల్లికార్జునరావు కేసు వెనక్కి తీసుకుంటానన్నాడు, అదే నోటితో పిచ్చియ్యని రేపటి నుంచి పనిలోకి రావద్దన్నాడు. నేను మళ్ళీ మైకు అందుకోబోతే ఇస్మాయిల్ నా చొక్కా పట్టి లాగాడు. “నీ మాటలయిపోయినయి గదన్నా, ఇంక నా పని చూడు” అన్నాడు.

సోమవారం మల్లికార్జునరావు ఇద్దరు మనుషుల్ని ట్రాక్టరిచ్చి షెడ్డుకి పంపాడు. మోటారు తయారుగా ఉంది. ఇస్మాయిల్ ఇవ్వలేదు. “తెచ్చినోడి చేతికే ఇస్తా. మా నాయన కాలం నుంచి ఈ షెడ్డులో అదే పద్ధతి” అన్నాడు. మంగళవారం ఆసామి తనే వచ్చాడు. నేను ప్రెస్సు గుమ్మంలో నిలబడి విన్నాను.

“మోటారు నాదయ్యా.”

“నీదే బాబూ. కాదన్లా. తెచ్చింది పిచ్చియ్య.”

“వాణ్ణి తీసేశా పనిలోంచి.”

“అయితే మళ్ళీ పెట్టుకొని పంపు.”

“పోలీసుల్ని తీసుకురమ్మంటావా?”

“తీసుకురా. వాళ్ళకి ఈ షెడ్డుకి దారి బాగా తెలుసు.”

నార్లు ఎండుతున్నాయి. నూజెండ్లలో నీళ్ళు అడుగంటిన బావి ఎవరి కోసమూ ఆగదు. శుక్రవారం పొద్దున ట్రాక్టరు మళ్ళీ వచ్చింది. వెనక తొట్టిలో పిచ్చియ్య ఉన్నాడు, ముందు సీట్లో ఆసామి ఎటో చూస్తున్నాడు. “పనిలో ఉన్నావా మామా?” అని అడిగాడు ఇస్మాయిల్. “ఉన్నా. జీతం గూడా అంతే” అన్నాడు పిచ్చియ్య. ఇద్దరూ పట్టి మోటారు ఎత్తారు. మల్లికార్జునరావు దిగి మూడో చెయ్యి వేశాడు. వెయ్యకపోతే అది తొట్టిలోకి ఎక్కేది కాదు.

ఇది చూడటానికి రోడ్డు మీద నలభై మంది రైతులు నిలబడ్డారు. నేను వాళ్ళకి సత్యమంటే ఏమిటో, పుకారంటే ఏమిటో వివరిద్దామని ఒక వ్యాసం సిద్ధం చేసుకొని ఉన్నాను. అక్కర్లేకపోయింది. బొల్లాపల్లి రైతు ఒకడు పక్కవాడితో అన్నాడు: “ఆసామి వొచ్చి అడిగినా ఇయ్యలా చూశావా. పోలీసులన్నా గూడా ఇయ్యలా. ఇంతకంటే గట్టి చోటు ఈ తాలూకాలో యాడుంది మోటారు పెట్టటానికి?”

ముప్ఫై ఏళ్ళ నా ఉపన్యాసాలకి రాని ఫలితం అది. నాకు ఒళ్ళు మండింది. సంతోషం కూడా వేసింది, ఒప్పుకుంటాను.

కుక్క అరుపులు శ్రద్ధగా సరిచూడు. ఆ పనిలో అబద్ధం తక్కువ. ప్రొడ్యూసర్‌తో మళ్ళీ దెబ్బలాడే రోజు వస్తే నాకు రాయి, పాయింట్లు పంపుతాను. నూజెండ్ల కథ మాత్రం వాళ్ళకి చెప్పొద్దు. పిచ్చియ్య మైకు పట్టుకోగానే వాన కురిపిస్తారు.

ఇస్మాయిల్ షెడ్డులో చోటు చాలటం లేదు. నిన్న వచ్చి, నాలుగు మోటార్లు ప్రెస్సు వరండాలో దించుకుంటానన్నాడు. దించుకోమన్నాను. నాలుగన్నవి పదకొండయ్యాయి. కంపోజింగు బల్ల కింద రెండున్నాయి, నా కుర్చీ ఉండే చోట ఒకటుంది. మీ అత్త నీళ్ళ బిందెతో లోపలికి రావాలంటే అంకమ్మరావు లేచి బయటికి పోవాలి. ఈ ఉత్తరం గుమ్మంలో నిలబడి, గోడకి ఆనించి రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే కారణం అది.

బసవపున్నయ్య